ఉద్యోగమా, ఫ్రీలాన్సా, సొంత ఆటా: గేమ్ సంగీతంలో ఏ దారి ఎవరికి?

సినిమాకు రీరికార్డింగ్ చేసేవారి ముందు ఎడిటింగ్ పూర్తయిన సన్నివేశం ఉంటుంది. అది ఎన్ని సెకన్లు నడుస్తుందో, కథానాయకుడు తలుపు తోసేది ఏ క్షణంలోనో వారికి ముందే తెలుసు. వీడియో గేమ్‌లో ఆ తలుపును ఆటగాడు ఎప్పుడు తోస్తాడో ఎవరికీ తెలియదు. ఒకరు నాలుగు సెకన్లలో లోపలికి వెళ్లిపోతారు, మరొకరు బయటే నిలబడి ఇరవై నిమిషాలు చెట్లూ పుట్టలూ చూస్తూ తిరుగుతారు. ఆ ఇద్దరికీ ఒకే సంగీతం సరిపోవాలి, ఇద్దరికీ విసుగు పుట్టకూడదు. అందువల్ల ఈ వృత్తిలో ఉన్నవారి జీవితం ఎలా సాగుతుందన్నది వారికి ఎంత మంచి బాణీలు తడతాయన్న దాని మీద కంటే, ఆట తయారయ్యే చోటికి వారు ఎంత దగ్గరగా కూర్చోగలరు, కట్టిన బాణీ చివరికి ఎవరి సొత్తు అవుతుంది అనే రెండు విషయాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవారి జీవితాలను పరిశీలిస్తే మూడు దారులు కనిపిస్తాయి. ఒక కంపెనీలో ఉద్యోగిగా చేరి అక్కడే ఉండిపోవడం మొదటిది. కొంతకాలం ఉద్యోగం చేసి, పనీ పేరూ సంపాదించుకున్నాక బయటికి వచ్చి ఫ్రీలాన్స్‌గా స్థిరపడటం రెండోది. ఏ కంపెనీ గడపా తొక్కకుండా సొంతంగానో, నలుగురైదుగురు స్నేహితులతో కలిసో ఆట తయారుచేసి, దాని సంగీతం కూడా తామే చూసుకోవడం మూడోది. పదేళ్లుగా చిన్న మొబైల్ గేమ్‌లకు సంగీతం అందిస్తున్న నన్ను ఏటా కొందరు విద్యార్థులు వీటిలో ఏది మంచిదని అడుగుతుంటారు. మొదటి మెట్టుగా ఉద్యోగమే మేలని నా అభిప్రాయం. ఎందుకలా అనుకుంటున్నానో, ఎవరి విషయంలో ఆ అభిప్రాయాన్ని మార్చుకుంటానో ఇక్కడ వివరిస్తాను.

ఒకే గూటిలో నాలుగు దశాబ్దాలు

కోజీ కోండో 1961లో జపాన్‌లోని నగోయాలో పుట్టారు. చిన్నప్పుడు ఎలక్టోన్ అనే ఎలక్ట్రానిక్ ఆర్గన్ నేర్చుకున్నారు. ఒసాకా కళా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా నింటెండో నియామక ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకుని 1984లో ఆ కంపెనీలో చేరారు. అప్పటి నుంచి ఆయన అక్కడే ఉన్నారు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌కు, 1986లో వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డాకు ఆయన కట్టిన బాణీలు ఆ ఆటలు ఎన్నడూ ఆడనివారికి కూడా పరిచయమే. 2023లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో మారియో బాణీని చేర్చింది. గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

నెలనెలా జీతం అందడం కంటే, ఆట తయారవుతుండగా దాని పక్కనే కూర్చోగలగడమే ఉద్యోగం ఆయనకు ఇచ్చిన పెద్ద లాభమని నేను భావిస్తాను. నింటెండో అప్పటి గేమ్ యంత్రమైన ఫామికామ్‌లో సంగీతానికి ఉన్న చోటు ఎంత తక్కువో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. స్వరాల కోసం రెండు పల్స్ ఛానెళ్లు, మంద్రానికి ఒక ట్రయాంగిల్ ఛానెల్, తాళం కోసం ఒక నాయిస్ ఛానెల్, చిన్న శాంపిళ్లకు మరొకటి, అంతే ఉండేవి. మారియో ఎగిరిన చప్పుడు కూడా వాటిలోనుంచే రావాలి కాబట్టి, అతను ఎగిరిన ప్రతిసారీ బాణీలోని ఒక వరస క్షణకాలం తప్పుకుని దానికి దారి ఇస్తుంది. ఎంతసేపు తప్పుకోవాలి, తప్పుకున్నా బాణీ కుంటుపడకుండా ఎలా కట్టాలి అన్నది కాగితం మీద తేలే విషయం కాదు. మొదట రాసిన బాణీ మారియో పరుగుకు కుదరలేదని పక్కనపెట్టి, పరుగెత్తడం, గెంతడం అనే కదలికలకు సరిపోయేలా కోండో మళ్లీ రాశారు. తయారవుతున్న ఆటను చేతిలోకి తీసుకుని ఆడి చూసే వీలున్నవారికే అది సాధ్యం.

జెల్డా వరసలో 1998లో వచ్చిన ఒకారినా ఆఫ్ టైమ్ ఇంకా మంచి ఉదాహరణ. అందులో ఆటగాడు కంట్రోలర్ బటన్లతో ఒకారినా అనే చిన్న ఊదుడు వాద్యాన్ని వాయిస్తాడు. బటన్లు ఐదు, కాబట్టి స్వరాలూ ఐదే. ఆ ఐదింటితోనే ఒకదానితో ఒకటి కలిసిపోని, ఎవరైనా గుర్తుంచుకోగల పన్నెండు చిన్న బాణీలు కట్టాలి. ఐదు స్వరాల ఔడవ రాగాలు వింటూ పెరిగిన మనకు అది సులువనిపించవచ్చు గానీ, రాగానికి ఉండే గమకమూ మంద్ర తార స్థాయులూ ఇక్కడ లేవు. ఆ ఆటలోనే హైరూల్ మైదానపు సంగీతాన్ని ఎనిమిదేసి బార్ల (తాళపు ఆవర్తాల) ముక్కలుగా రాసి, అవి ప్రతిసారీ వేరే వరసలో వచ్చేలా ఏర్పాటు చేశారు. శత్రువు దగ్గరికి వస్తే ఉద్రిక్తమైన ముక్కలు, ఆటగాడు కదలకుండా నిలబడితే నెమ్మదైన ముక్కలు వినిపిస్తాయి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చినా అతుకు కనబడకూడదు. ప్రోగ్రామర్ పక్క గదిలో ఉన్న సంగీతకారుడికే ఇలాంటి ఆలోచన వస్తుంది, వచ్చినా అమలు చేయించుకునే వీలు అతనికే ఉంటుంది.

ఈ దారికి చెల్లించే మూల్యం కూడా చిన్నది కాదు. ఉద్యోగంలో భాగంగా కట్టిన బాణీ కంపెనీదే. 1980లలో, 90ల మొదట్లో జపాన్ కంపెనీలు చాలావరకు ఆట చివర అసలు పేర్లకు బదులు మారుపేర్లు వేసేవి. స్ట్రీట్ ఫైటర్ 2 సంగీతంలో అత్యధిక భాగం రాసిన యోకో షిమోమురా పేరు ఆ ఆటలో షిమో-పి అని కనిపిస్తుంది. ప్రపంచమంతా మోగిన సంగీతం ఎవరిదో వినేవారికి తెలియని రోజులవి. నేడు పరిస్థితి చాలా మెరుగుపడినా, ఉద్యోగంలో చేరేవారు తమ పేరు తెర మీద ఎలా వేస్తారో అడగడానికి మొహమాటపడకూడదు.

నేర్చుకుని బయటికి వచ్చినవారు

నొబువో ఉయెమత్సు 1959లో కోచిలో పుట్టారు. సంగీతంలో గురువు దగ్గర శిక్షణ పొందలేదు, పియానో తనంతట తానే నేర్చుకున్నారు. కనగావా విశ్వవిద్యాలయంలో డిగ్రీ అయ్యాక టోక్యోలో సంగీతం అద్దెకిచ్చే దుకాణంలో పనిచేస్తుండగా, స్క్వేర్ అనే చిన్న గేమ్ కంపెనీకి చెందిన ఒకామె ఆయనను సంగీతం రాస్తారా అని అడిగారు. 1986లో చేరారు, 1987లో ఫైనల్ ఫాంటసీ వచ్చింది. ఆ తర్వాతి పదిహేడేళ్లలో ఆ కంపెనీ పెరిగిన తీరు, ఆయన సంగీతం పెరిగిన తీరు విడదీసి చూడలేనివి. 1994లో వచ్చిన ఆరో భాగంలో ఒక ఒపెరా ఘట్టం ఉంది. ఆ సూపర్ ఫామికామ్ యంత్రంలో శబ్దానికి ఉన్న మెమరీ 64 కిలోబైట్లు. నిజమైన గాత్రం పెట్టే చోటు లేదు. అందుకని గొంతును పోలిన ఒక కృత్రిమ నాదంతో పాట వినిపిస్తూ, సాహిత్యాన్ని తెర మీద అక్షరాలుగా చూపారు. ఇప్పుడు వింటే ఆ గొంతు ఈల కంటే కొంచెం మెరుగనిపిస్తుంది, అయినా ఆ పాత్ర నిజంగా పాడుతోందన్న భావన కలుగుతుంది. పరిమితిని ముందే తెలుసుకుని రాసినందువల్ల వచ్చిన ఫలితమది.

2004లో ఆయన కంపెనీ నుంచి బయటికి వచ్చి స్మైల్ ప్లీజ్ అనే సొంత సంస్థ, 2006లో డాగ్ ఇయర్ రికార్డ్స్ అనే లేబుల్ పెట్టుకున్నారు. పాత యజమానితో సంబంధం తెంచుకోలేదు. 2007లో స్టాక్‌హోమ్‌లో మొదలైన డిస్టెంట్ వరల్డ్స్ అనే వాద్యబృంద కచేరీలు ఇప్పటికీ నడుస్తున్నాయి, వాటిలో వినిపించేది ఫైనల్ ఫాంటసీ సంగీతమే. అయితే ఆ సంగీతం హక్కులు కంపెనీవి. ఫ్రీలాన్స్ కాబోయేవారు దీన్ని జాగ్రత్తగా గమనించాలి. ఉద్యోగం వదిలేటప్పుడు మీరు వెంట తెచ్చుకునేది పేరు, నేర్పు, పరిచయాలు మాత్రమే. బాణీలు అక్కడే ఉండిపోతాయి.

షిమోమురా జీవితం ఈ దారిని ఇంకొక వైపు నుంచి చూపుతుంది. ఒసాకా సంగీత కళాశాలలో పియానో చదివి 1988లో బయటికి వచ్చిన ఆమెకు పియానో నేర్పే ఉద్యోగం సిద్ధంగా ఉంది. దాన్ని వదులుకుని కాప్‌కామ్ అనే గేమ్ కంపెనీలో చేరుతున్నానంటే ఇంట్లోవారూ గురువులూ నిరుత్సాహపడ్డారు, ఎందుకంటే ఆనాడు గేమ్ సంగీతాన్ని సంగీతంగా లెక్కించినవారు తక్కువ. మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే మాటే అది. 1993లో స్క్వేర్‌కు మారారు, 2002లో కింగ్‌డమ్ హార్ట్స్‌కు సంగీతం సమకూర్చారు, ఆ తర్వాత ప్రసవ సెలవు మీద వెళ్లి 2003 నుంచి ఫ్రీలాన్స్‌గా కొనసాగారు. అదే ఆట తర్వాతి భాగాలకు బయటి నుంచే పనిచేశారు. 2016లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 15 సంగీతం కూడా ఆమెదే. 2025లో బ్రిటన్ సినిమా, టీవీ కళల అకాడమీ అయిన బాఫ్టా ఆమెకు ఫెలోషిప్ ఇచ్చింది. కుటుంబ బాధ్యతల వల్ల పదింటి నుంచి ఆరింటి వరకు ఆఫీసులో కూర్చోలేనివారికి, ముఖ్యంగా తల్లులకు, ఆమె ఎంచుకున్న పద్ధతి ధైర్యమిచ్చేది. అయితే ఫ్రీలాన్స్‌కు మారేనాటికి ఆమె వెనుక పదిహేనేళ్ల ఉద్యోగ అనుభవం ఉందని మరిచిపోకూడదు.

యసునొరి మిత్సుదా సంగతి హెచ్చరికగా చెప్పుకోవాలి. 1992లో స్క్వేర్‌లో చేరిన ఆయనకు మొదట శబ్దాలు తయారుచేసే పని మాత్రమే దక్కింది. సంగీతం రాయనివ్వకపోతే వెళ్లిపోతానని పైవారితో తెగేసి చెప్పి క్రోనో ట్రిగర్ అనే ఆట పని సంపాదించారు. ఆ అవకాశాన్ని నిలబెట్టుకోవాలని ఎంతగా శ్రమించారంటే కడుపులో పుండ్లు పడి ఆస్పత్రిపాలయ్యారు. హార్డ్ డిస్క్ చెడిపోయి నలభై దాకా ట్రాకుల పని ఒక్కసారిగా పోయింది. మిగిలిన సంగీతంలో కొంత ఉయెమత్సు రాసి పూర్తిచేశారు. 1995లో వెలువడిన ఆ సంగీతాన్ని నేటికీ ఎందరో నెత్తిన పెట్టుకుంటారు, దాని వెనుక ఒక యువకుడి ఆరోగ్యం ఉంది. ఆయన 1998లో ఆ కంపెనీ వదిలి ఫ్రీలాన్స్ అయ్యారు. ఏ దారి ఎంచుకున్నా ఇది రాత్రిళ్లను తినేసే వృత్తేనని, ఫైళ్లకు రెండో ప్రతి వేరే చోట ఉండాలని విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను ఈయన పేరే తలుస్తాను.

ఫ్రీలాన్స్‌లో రోజువారీ కష్టం దూరం నుంచి పుడుతుంది. ఆట మూడొంతులు పూర్తయ్యాక మీకు కబురు వస్తుంది. ఒక పట్టిక పంపుతారు: మెనూకు ఒకటి, అడవికి ఒకటి, పోరాటానికి రెండు, గెలుపుకు ఐదు సెకన్లు, ఓటమికి మూడు సెకన్లు. ఆట ఎలా ఉంటుందో ఒక చిన్న వీడియోలో చూసి రాయాలి. నా మొదటి పనుల్లో ఒకదానిలో అడవి ట్రాకు ఒకటిన్నర నిమిషం లూప్. నా గదిలో అది చక్కగా తిరిగింది. ఫోన్‌లో ఆట పెట్టి విన్నప్పుడు లూప్ మళ్లీ మొదలయ్యే చోట ప్రతిసారీ టక్కున తెగిన చప్పుడు. కారణం చిన్నదే: చివరి వేణువు స్వరానికి ఉన్న ప్రతిధ్వని ట్రాకు అంచు దాటి వెళుతోంది, ఫైలు అక్కడ తెగిపోతోంది. ఆ మిగిలిన ప్రతిధ్వనిని కత్తిరించి లూప్ మొదటి సెకను మీద కలిపితే అతుకు మాయమైంది. దానితో పాటు ఎంపీ3 ఫైలు తన మొదట్లో చేర్చుకునే స్వల్ప నిశ్శబ్దం వల్ల కూడా లూప్ తొట్రుపడుతుందని, ఆగ్ (OGG) అనే మరో రకం ఫైలు ఇస్తే ఆ బాధ ఉండదని అప్పుడే తెలిసింది. ఆఫీసులో పక్క కుర్చీలో ఉన్నవారిని అడిగితే ఐదు నిమిషాల్లో తేలే సంగతికి నాకు నాలుగు రోజులు, పదహారు ఈమెయిళ్లు పట్టాయి.

దూరం ఉండి తీరాలన్న నియమం మాత్రం లేదు. ఆస్టిన్ వింటరీ 2012లో వచ్చిన జర్నీ అనే ఆటకు బయటి సంగీతకారుడిగానే పనిచేశారు గానీ, ఆట తొలిదశలోనే చేరి మూడేళ్ల పాటు దానితో పాటు నడిచారు. ఒంటరిగా ఎడారిలో నడిచే పాత్రకు ప్రధానంగా చెల్లో వాద్యాన్ని ఎంచుకోవడం ఆ ఆటతో ఎంతో కాలం గడిపిన మనిషి చేసిన నిర్ణయంలా వినిపిస్తుంది. ఆ సంగీతం గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. కాబట్టి ఫ్రీలాన్స్ ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు, నెలనెలా తయారైన మేరకు ఆటను నా చేతికి ఇవ్వండి అని అడగడం పారితోషికం అడగడం అంత ముఖ్యం.

సొంత ఆట, సొంత బాణీ

టోబీ ఫాక్స్ తయారుచేసిన అండర్‌టేల్ అనే ఆట 2015 సెప్టెంబరులో విడుదలైంది. 2013లో జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైటులో 5,000 డాలర్లు అడిగితే 51,000కు పైగా వచ్చాయి. కథ, సంభాషణలు, ప్రోగ్రామింగ్, సంగీతం దాదాపు ఆయనొక్కరివే, బొమ్మల విషయంలో మాత్రం తోడు ఉంది. సౌండ్‌ట్రాక్‌లో 101 ట్రాకులు ఉన్నాయి. ఒక పాత్రకు మొదట చిన్నగా వినిపించిన బాణీ గంటల తర్వాత పోరాటంలో వేరే తాళంలో, వేరే వాద్యాల మీద తిరిగి వస్తుంది. మాటలు రాసినవారే బాణీ కట్టినందువల్ల ఆ రెండూ విడిపోవు. నేను పైన చెప్పిన దగ్గరితనానికి ఇది పరాకాష్ఠ.

ఒంటరిగా చేయలేనివారికి చిన్న బృందం ఉంది. సూపర్‌జయంట్ గేమ్స్ అనే చిన్న సంస్థలో డారెన్ కోర్బ్ తన చిన్ననాటి స్నేహితుడి పిలుపు మీద చేరి, 2011లో వచ్చిన బాస్టియన్‌కు సంగీతంతో పాటు శబ్దాలూ, గాత్రాల రికార్డింగూ చూసుకున్నారు. రికార్డింగ్ జరిగింది స్టూడియోలో కాదు, న్యూయార్క్‌లోని ఆయన ఇంట్లో బట్టల అలమరలో. 2020లో వచ్చిన హేడిస్‌లో కథానాయకుడి గొంతు కూడా ఆయనదే.

హక్కుల కోణంలో చూస్తే డానియెల్ రోసెన్‌ఫెల్డ్ ఉదాహరణ అన్నిటికంటే విలువైనది. సీ418 అనే పేరుతో రాసే ఈ జర్మన్ యువకుడు మైన్‌క్రాఫ్ట్ ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో దానికి సంగీతం ఇచ్చారు, కానీ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు. 2011లో వాల్యూమ్ ఆల్ఫా అనే ఆల్బమ్‌ను తన పేరుతోనే విడుదల చేశారు. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ ఆటను తయారుచేసిన మొజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు కూడా ఆ సంగీతం ఆయనదిగానే ఉండిపోయింది. 2025లో ఆ ఆల్బమ్ కూడా మారియో బాణీ ఉన్న నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకే చేరింది. ఒకే రిజిస్ట్రీలో ఉన్న ఆ రెండింటిలో ఒకటి కంపెనీ సొత్తు, రెండోది కట్టినవారి సొత్తు. మరో సంగతి కూడా చెప్పాలి: 2020 నెదర్ అప్‌డేట్ నాటి నుంచి ఆ ఆటకు కొత్త సంగీతం లీనా రెయిన్ మొదలైన ఇతరులు రాస్తున్నారు. పాత బాణీల హక్కు చేతిలో ఉన్నంత మాత్రాన తర్వాతి పని కూడా మనకే వస్తుందన్న హామీ ఏమీ ఉండదు.

ఈ మూడో దారి కథలు వినడానికి ఎంత బాగున్నా, ఆట అమ్ముడుపోని వందల మంది కథలు మన దాకా రావు. ఫాక్స్‌కు రెండేళ్లకు పైగా పట్టింది. ఆ కాలమంతా తిండికీ అద్దెకూ లోటు లేని ఏర్పాటు ఉన్నవారే ఈ దారిలోకి దిగాలి.

సంతకం పెట్టే ముందు

భారతీయ కాపీరైటు చట్టం 1957 ఈ విషయంలో ఏం చెబుతుందో తెలుసుకోవడం మన సంగీతకారులకు తప్పనిసరి. 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే. ఫ్రీలాన్స్‌గా రాసినప్పుడు హక్కు రాసిచ్చారా లేదా అన్నది కాగితాన్ని బట్టి ఉంటుంది. 19వ సెక్షన్ ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని భావిస్తారు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోపు దాన్ని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, అది తిరిగి మీదే అవుతుంది. 57వ సెక్షన్ కింద ఆ పని మీదేనని చెప్పుకునే హక్కు, బాణీలు అమ్మేసిన తర్వాత కూడా, మీకు మిగులుతుంది.

ఇవన్నీ నేను ఆలస్యంగా చదివాను. ఒక సంస్థకు ఆరు ట్రాకులు రాసిచ్చినప్పుడు, ‘అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత ఆ బాణీలే మరో రెండు ఆటల్లో వినిపించాయి. అదనంగా రూపాయి రాలేదు, ఒకదానిలో నా పేరూ లేదు. డబ్బు సంగతిలో వారిని తప్పుపట్టడానికి కాగితం ఒప్పుకోదు. పేరు సంగతిలో అడగవచ్చని అప్పుడు నాకు తెలియదు. ‘ఈ ఒక్క ఆటకు మాత్రమే’ అన్న నాలుగు మాటలు చేర్చమని అడిగి ఉంటే బహుశా కాదనేవారు కారు.

ఈ సందర్భంలో కోండో జీవితంలోని ఒక సంఘటన చెప్పాలి. జెల్డా మొదటి భాగానికి శీర్షిక సంగీతంగా ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ రచించిన బొలేరోను వాడాలనుకున్నారు. దాని కాపీరైటు గడువు ఇంకా తీరలేదని పని చివరిదశలో తెలిసింది. ఆటలోని ప్రధాన బాణీనే ఆయన ఒక్క రాత్రిలో శీర్షికకు తగ్గట్టు మలిచారు. నేడు ప్రపంచమంతా గుర్తుపట్టే జెల్డా శీర్షిక సంగీతం ఆ తొందరలో రూపుదిద్దుకున్నదే. హక్కుల పత్రం సంగీతకారుడి పనికి సంబంధం లేని గుమస్తా వ్యవహారమని అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలి.

ఆదాయం సంగతి

ఉద్యోగంలో జీతం, పీఎఫ్, సెలవులు ఉంటాయి, బాణీ ఎంత పేరు తెచ్చుకున్నా అదనంగా వచ్చేది తక్కువ. ఫ్రీలాన్స్‌లో సాధారణంగా పూర్తయిన నిమిషానికి ఇంత అని లెక్క. ఊరికే లెక్క కోసం నిమిషానికి 5,000 రూపాయలు అనుకుందాం. నలభై నిమిషాల సంగీతానికి రెండు లక్షలు వినడానికి బాగుంటుంది. మార్పులు చేర్పులతో కలిపి ఆ పని ఆరు నెలలు సాగితే నెలకు 33,000 అవుతుంది, అందులోనుంచే వేణువు వాయించినవారికీ శాంపిల్ లైబ్రరీలకూ ఇవ్వాలి. అందుకే మార్పులు ఎన్నిసార్లు ఉచితమో, ఆ తర్వాత ఎంతో ఒప్పందంలో రాయించుకోవాలి. సొంత ఆట విషయంలో ముందుగా లెక్క వేయడం సాధ్యం కాదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

విజయవాడలోనో వరంగల్‌లోనో డిగ్రీ చదువుతూ కీబోర్డు బాగా వాయించే ఇరవై ఏళ్ల యువతికో యువకుడికో ఉద్యోగమే చెబుతాను. అయితే మన దేశంలో గేమ్ కంపెనీలు సంగీతం రాయడానికే ఒక మనిషిని పెట్టుకోవడం అరుదు. ప్రకటనల్లో ఆడియో డిజైనర్, సౌండ్ డిజైనర్ అని ఉంటుంది. అడుగుల చప్పుడు, కత్తి చప్పుడు, బటన్ చప్పుడు, గాత్రం రికార్డింగు, వీటన్నిటి మధ్య సంగీతం. మిత్సుదా కూడా ఆ ద్వారం నుంచే వెళ్లారు. దానికి బాణీలు మాత్రమే చాలవు, ఆటలో శబ్దాలను అమర్చే వైజ్, ఎఫ్‌మాడ్ అనే సాఫ్ట్‌వేర్లలో ఒకటైనా, ఆటను తయారుచేసే యూనిటీ కానీ అన్‌రియల్ కానీ కొంతైనా చేతికి అలవాటై ఉండాలి. ఇవన్నీ నేర్చుకోవడానికి ఉచితంగానే దొరుకుతాయి.

సినిమా సంగీత దర్శకుల దగ్గర సహాయకులుగా ఉన్నవారికి ఫ్రీలాన్స్ నప్పుతుంది, ఎందుకంటే గడువులు, వాద్యకారులు, మిక్సింగ్ వారికి కొత్త కాదు. వారు నేర్చుకోవలసింది వేరే ఉంది. పాటను మొదటి నుంచి చివరి వరకు ఒక ప్రయాణంగా కట్టే అలవాటును పక్కనపెట్టి, పొరలుగా కట్టడం నేర్చుకోవాలి. ఒకే తాళగతిలో, ఒకే శ్రుతిలో తాళవాద్యం, మంద్రం, ప్రధాన బాణీ విడివిడి ఫైళ్లుగా ఇవ్వాలి, ఆట వాటిని అవసరమైనట్లు కలుపుకుంటుంది. శ్రుతి కట్టుబాటు మీద పెరిగిన మనవారికి ఈ పద్ధతి తొందరగా పట్టుబడుతుందని నా అనుభవం. అలాగే, అవకాశం కోసం మన దేశంలోని సంస్థల వైపే చూడనక్కరలేదు. పుణెలో తయారై 2020లో వచ్చిన రాజీ అనే ఆట కథ మన పురాణాలది, సంగీతం సమకూర్చింది మాత్రం లినోస్ త్సెలోస్ అనే గ్రీకు సంగీతకారుడు. వారు సముద్రం దాటి ఇక్కడి పని చేయగలిగినప్పుడు మనమూ అక్కడి పని చేయగలం.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు సంగీతం రాసుకునేవారి విషయంలో నా అభిప్రాయం మారుతుంది. జీతం ఉంది, ప్రోగ్రామింగ్ తెలుసు, ఈ రెండూ ఉన్నవారికి మూడో దారి అంత ప్రమాదకరం కాదు. ఉద్యోగం మానకుండా ముందు గ్లోబల్ గేమ్ జామ్ వంటి వాటిలో పాల్గొనండి. సాధారణంగా రెండు రోజుల్లో ఒక చిన్న ఆట పూర్తిచేయాలి, ముక్కూ మొహం తెలియనివారితో కలిసి పనిచేయాలి. మీతో పనిచేయడం ఎవరికి నచ్చుతుందో, ఎవరితో మీకు పొసగుతుందో ఆ రెండు రోజుల్లో తేలిపోతుంది. కోర్బ్‌కు దొరికినట్లు చిన్ననాటి స్నేహితుడు అందరికీ దొరకడు కదా. అయితే ఒక్క జాగ్రత్త: మీ ప్రస్తుత ఉద్యోగ ఒప్పందంలో, తీరిక వేళల్లో చేసిన పని కూడా కంపెనీకే చెందుతుందన్న షరతు ఉందేమో ముందు తీసి చదవండి. ఉంటే, మొదటి బాణీ కట్టడానికి ముందే హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.